యాంటీవైరస్ కొనాలా, ఉన్నదే చాలునా: కంప్యూటరుకు ఒక జవాబు, ఫోనుకు మరొకటి

మన ఒడిశాలో పర్లాకిమిడిలోనో, గుణుపురంలోనో, బరంపురంలోనో కొత్త లాప్‌టాప్ కొన్నవారు ఇంటికి వచ్చి బిల్లు చూసుకుంటే, అందులో యాంటీవైరస్ పేరుతో ఒక పద్దు ఉండటం మామూలే. దుకాణదారు అడిగి వేశారో, అడగకుండానే వేశారో చాలామందికి గుర్తుండదు. ఏడాది గడిచాక "గడువు ముగిసింది, మీ కంప్యూటరుకు రక్షణ లేదు" అని ఎర్ర అక్షరాలు తెరమీదకు వచ్చినప్పుడు అసలు సందేహం మొదలవుతుంది. మళ్లీ డబ్బు కట్టాలా, వదిలేయాలా, ఉచితంగా దొరికేది మరొకటి వేసుకోవాలా? రాయగడలో మా బంధువులూ ఇరుగుపొరుగువారూ ఈ ప్రశ్న అడిగినప్పుడల్లా నేను ఒకే జవాబు చెప్పలేకపోయాను. ఇంట్లో ఒక్కరే వాడే కొత్త లాప్‌టాప్‌కు చెప్పే మాట వేరు, రోజూ పదిమంది పెన్‌డ్రైవ్‌లు పెట్టే జిరాక్స్ దుకాణం కంప్యూటరుకు చెప్పే మాట వేరు, ఫోనుకు చెప్పే మాట ఆ రెండింటికీ వేరు. కాబట్టి ఏ కంపెనీది మంచిది అన్న ప్రశ్నను పక్కనపెట్టి, ఆ యంత్రం ఏ స్థితిలో ఉంది, ఎవరి చేతుల్లో ఉంది, దానిలోకి బయటి సరుకు ఏ దారిన వస్తోంది అన్న మూడు విషయాల మీదుగా ఈ పోలికను నడుపుతాను.

యాంటీవైరస్ కొనాలన్న అలవాటు మనకు ఊరికే రాలేదు. విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 7 నడిచిన రోజుల్లో అది నిజంగానే అవసరం. విండోస్ 7లో డిఫెండర్ అనే పేరుతో ఒకటి ఉన్నా, అది మన సమాచారాన్ని దొంగచాటుగా గమనించే స్పైవేరును మాత్రమే పట్టేది. వైరస్‌ల కోసం మరొకటి వేసుకోవలసి వచ్చేది. మైక్రోసాఫ్ట్ 2009లో సెక్యూరిటీ ఎసెన్షియల్స్‌ను ఉచితంగా ఇచ్చినా, దాన్ని మనమే వెతికి దించుకోవాలి కనుక తెలిసినవారు తక్కువ. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు పూర్తి యాంటీవైరస్ విండోస్‌లోనే కలిసిపోయింది. విండోస్ 10, 11లలో అది మనం ఏమీ చేయకుండానే పనిచేస్తూ ఉంటుంది. అలవాటు మాత్రం పాత కాలం దగ్గరే ఆగిపోయింది, దుకాణాల్లో అమ్మకం కూడా అలాగే సాగుతోంది.

విండోస్ 11 ఉన్న ఇంటి కంప్యూటరు

ఇక్కడ మన ముందున్న దారులు మూడు: విండోస్‌తో వచ్చిన డిఫెండర్, ఏడాది చందా కట్టే యాంటీవైరస్, ఉచితంగా దొరికే బయటి యాంటీవైరస్.

ఏ యాంటీవైరస్ అయినా చేసే పని ప్రధానంగా రెండు రకాలు. తెలిసిన వైరస్‌ల గుర్తుల పట్టికతో ప్రతి ఫైలునూ పోల్చి చూడటం మొదటిది. ఒక ప్రోగ్రాం నడుస్తున్నప్పుడు అది చేసే పనులను గమనించి, ఉదాహరణకు వందల ఫైళ్లను ఒక్కసారిగా మార్చేస్తూ ఉంటే, అనుమానించి ఆపడం రెండవది. అంతుబట్టని ఫైలు ఎదురైతే కంపెనీ సర్వర్‌ను ఇంటర్నెట్ ద్వారా అడిగి తేల్చుకుంటుంది. జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారెటివ్స్ అనే పరీక్షా సంస్థలు పేరున్న కంపెనీల సరుకును ఒకే కొలబద్దతో పరీక్షించి ఫలితాలను అందరికీ అందుబాటులో ఉంచుతాయి. ఒకప్పుడు ఈ పరీక్షల్లో వెనుకబడిన డిఫెండర్, కొన్నేళ్లుగా డబ్బు కట్టే వాటి సరసన నిలబడుతోంది. అందువల్ల విండోస్ 11 అప్‌డేట్లు ఆగకుండా వేసుకుంటూ, పిల్లల చదువుకూ బ్యాంకు పనులకూ వాడుకునే ఇంటి కంప్యూటరుకు విడిగా యాంటీవైరస్ కొనవలసిన అవసరం లేదని నేను నిస్సంకోచంగా చెబుతాను.

అయితే మన ప్రాంతానికి సంబంధించిన ఒక మినహాయింపు ఉంది. డిఫెండర్ బలంలో పెద్ద భాగం ఇంటర్నెట్ మీద ఆధారపడి ఉంది. నెట్ లేని స్థితిలో దాని పట్టు తగ్గుతుందని ఏవీ-కంపారెటివ్స్ పరీక్షలే చూపిస్తున్నాయి. రాయగడ, కోరాపుట్ కొండల మీద ఉన్న ఊళ్లలో వారానికి ఒకసారి మాత్రమే నెట్‌కు కలిసే లాప్‌టాప్, అందులోనూ పెన్‌డ్రైవ్‌లతో పని నడిపే లాప్‌టాప్ అయితే, నెట్ లేకుండా కూడా గట్టిగా పట్టగలిగే చందా యాంటీవైరస్‌కు డబ్బు పెట్టడం న్యాయమైన ఖర్చే. కొనేముందు ఆ కంపెనీకి ఈ పరీక్షల్లో నెట్ లేనప్పటి ఫలితం ఎలా ఉందో చూసి కొనండి.

చందా కట్టే వాటిలో అదనంగా వచ్చేవి పిల్లల వాడకంపై అదుపు, పెన్‌డ్రైవ్ పెట్టగానే తనిఖీ, నెట్ వాడకాన్ని ఇతరుల కంటపడకుండా దాచే వీపీఎన్, ఫోనులో మాట్లాడి సాయం చేసే సిబ్బంది వంటివి. వీటిలో నిజంగా విలువైనది చివరిదే అని నా అభిప్రాయం. ఇంట్లో కంప్యూటరు తెలిసినవారు ఎవరూ లేక, ప్రతి చిన్న ఇబ్బందికీ యంత్రాన్ని మోసుకుని బరంపురం వెళ్లవలసి వచ్చే పెద్దవారికి, అర్థమయ్యే భాషలో ఫోనులో సాయం దొరకడం మేలు చేస్తుంది. పుణెకు చెందిన క్విక్ హీల్, చెన్నైకి చెందిన కే7 వంటి మన దేశపు సరుకు మన దుకాణాల్లో పెట్టెలుగా దొరుకుతుంది కాబట్టి, ఆ సాయం తెలుగులోనో ఒడియాలోనో హిందీలోనో అందుతుందా అని డబ్బు కట్టకముందే ఒకసారి ఫోను చేసి తెలుసుకోండి. కార్డు ద్వారా నెట్‌లో కొంటే ఏటా తనంతట తానే డబ్బు కోసుకునే ఏర్పాటు ఉందేమో చూసి ఆపివేయండి.

మూడవదైన ఉచిత యాంటీవైరస్‌ను నేను ఎవరికీ సూచించను. డిఫెండర్ కూడా ఉచితమే, పైగా అది మిమ్మల్ని ఏదీ కొనమని తరచుగా వేధించదు. ఉచితంగా ఇచ్చే కంపెనీకి ఆదాయం ఎక్కడినుంచో రావాలి కదా. అవాస్ట్ అనే ప్రసిద్ధ కంపెనీ తన వినియోగదారులు నెట్‌లో ఏయే పేజీలు చూశారన్న సమాచారాన్ని జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్మిందని అమెరికా వాణిజ్య కమిషన్ 2024 ఫిబ్రవరిలో అభియోగం మోపి, రాజీలో భాగంగా ఆ కంపెనీ చేత కోటీ అరవై అయిదు లక్షల డాలర్లు కట్టించే ఆదేశాన్ని ప్రకటించింది. కాపలాకు పెట్టుకున్నవాడే ఇంటి గుట్టు బయట అమ్ముకోవడం నన్ను బాధపెట్టిన సంగతి. యాంటీవైరస్‌కు కంప్యూటరులో ప్రతి మూలకూ ప్రవేశం ఉంటుంది కనుక దానిని ఎంచుకోవడంలో ఇంత పట్టింపు అవసరం. కావాలని చేసే తప్పు లేకపోయినా ప్రమాదం జరగవచ్చు: 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి.

ఏది ఎంచుకున్నా ఒకదానినే ఉంచండి. రెండు యాంటీవైరస్‌లు ఒకే ఫైలును ఒకేసారి పట్టుకుంటే కంప్యూటరు నత్తలా నడుస్తుంది. బయటిది వేస్తే డిఫెండర్ తనంతట తాను తప్పుకుంటుంది, దాన్ని తీసివేస్తే మళ్లీ పనిలోకి వస్తుంది. కాబట్టి గడువు ముగిసిందని ఎర్ర హెచ్చరిక చూపించే పాత యాంటీవైరస్‌ను అలాగే ఉంచుకోవడం అన్నిటికంటే చెడ్డ స్థితి. దాన్ని పూర్తిగా తొలగించి, కంప్యూటరును ఒకసారి ఆపి మళ్లీ పెట్టి, విండోస్ సెక్యూరిటీ తెరచి, "వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్" దగ్గర ఆకుపచ్చ గుర్తు ఉందో లేదో చూడండి.

పాత విండోస్ ఉన్నవారి సంగతి

మన ఊళ్లలో ఎక్కువ కంప్యూటర్లు ఈ కోవలోనివే. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇలాంటి కంప్యూటరుకు మంచి యాంటీవైరస్ కొని పెడితే సరిపోతుందని దుకాణాల్లో చెబుతున్నారు. ఆ మాట సగమే నిజం. యాంటీవైరస్ లోపలికి వచ్చిన దొంగను గుర్తుపడుతుంది. విండోస్ అప్‌డేట్ గోడలోని కన్నాన్ని పూడుస్తుంది. ఒకటి చేసే పని రెండవది చేయలేదు. 2017 మే నెలలో వనాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాం) దాదాపు 150 దేశాలను చుట్టబెట్టి, పక్కనే ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళం, విశాఖపట్నం వంటి జిల్లాల పోలీసు కంప్యూటర్లను కూడా తాకినప్పుడు, అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చి ఉంది. ఆ అప్‌డేట్ వేసుకున్న యంత్రాల్లోకి ఆ దారిన అది చొరబడలేకపోయింది.

విండోస్ 10 వాడేవారికి ఒక వెసులుబాటు ఉంది. ఇంటి వాడకందారులకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు పొడిగించుకునే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ కల్పించింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్లి సెట్టింగుల బ్యాకప్‌ను అనుమతిస్తే డబ్బు కట్టకుండానే అందులో చేరవచ్చు. డిఫెండర్‌కు వైరస్ గుర్తుల పట్టికలు మాత్రం 2028 అక్టోబరు వరకు అందుతాయని ఆ సంస్థ ప్రకటించింది కనుక, ఈ కంప్యూటర్లకు కూడా ముందుగా చేయవలసింది యాంటీవైరస్ కొనడం కాదు, ఈ పొడిగింపులో చేరడం. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కనీసం 4 జీబీ ర్యామ్ కావాలి. అవి లేని యంత్రంలో, బ్రౌజింగూ చదువూ తప్ప మరో పని లేకపోతే, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకోవడం ఉత్తమం. విండోస్ 7ను మాత్రం ఏ యాంటీవైరస్ పెట్టినా బ్యాంకు పనికి వాడవద్దు.

జిరాక్స్ దుకాణాలు, డీటీపీ కేంద్రాలు, జన సేవా కేంద్రాలు

పర్లాకిమిడిలో మా మేనమామ గారికి జిరాక్స్, డీటీపీ దుకాణం ఉంది. మహేంద్రతనయ నదికి అటువైపున్న పాతపట్నం నుంచీ ఇటువైపు పల్లెల నుంచీ రోజంతా మనుషులు వస్తారు. ఒకరు తెలుగు పెళ్లికార్డు, ఒకరు ఒడియా దరఖాస్తు, ఒకరు కాలేజీ ప్రాజెక్టు తెస్తారు. వచ్చేవన్నీ పెన్‌డ్రైవ్‌లోనే. ఒక రోజు ఆయన కంప్యూటరులో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయాయి. వైరస్ తినేసిందని ఎవరో చెబితే, పదేళ్ల పెళ్లికార్డుల నమూనాలు ఉన్న డిస్కును ఫార్మాట్ చేయించారు. నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. నిజానికి ఆ ఫైళ్లు పోలేదు. ఈ రకం పురుగు అసలు ఫోల్డర్లను దాచేసి, అదే పేరుతో షార్ట్‌కట్‌లు సృష్టిస్తుంది. మనం దానిమీద నొక్కితే ముందు పురుగు నడిచి, ఆ తర్వాత ఫోల్డర్ తెరుచుకుంటుంది కనుక మనకు అనుమానం రాదు. యాంటీవైరస్ షార్ట్‌కట్‌లను చెరిపేస్తే పెన్‌డ్రైవ్ ఖాళీగా కనిపిస్తుంది, కానీ ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాచిన ఫైళ్లను చూపించమని పెట్టి, సిస్టం ఫైళ్లను దాచే గుర్తును కూడా తీసేస్తే అన్నీ అక్కడే ఉంటాయి. ఈ ఒక్క సంగతి తెలియక ఎంత పని వృథా అయిందో తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇలాంటి దుకాణానికి చందా యాంటీవైరస్ తగిన ఖర్చు. పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతట అదే తనిఖీ చేయడం, పని ఒత్తిడిలో మనం మరచిపోయినా అది మరవకపోవడం ఇక్కడ ఎక్కువ విలువ చేస్తాయి. అయినా దానికంటే ముందు చూడవలసినది మరొకటి ఉంది. డీటీపీ కేంద్రాల్లో తెలుగుకు అను, ఒడియాకు ఆకృతి, వాటితో పాటు పేజ్‌మేకర్ వంటి పాత సాఫ్ట్‌వేర్లు నడుస్తాయి. వాటి దొంగ కాపీలను, విండోస్‌ను డబ్బు కట్టకుండా నడిపించే యాక్టివేటర్లను వేసేటప్పుడు "ముందు యాంటీవైరస్ ఆపండి" అన్న సూచన తప్పకుండా ఉంటుంది. ఆపినవారు చాలాసార్లు మళ్లీ పెట్టరు, కొన్ని యాక్టివేటర్లు డిఫెండర్ కన్ను తమమీద పడకుండా మినహాయింపుల జాబితాలో తామే చేరిపోతాయి. తలుపు తీసిపెట్టి తాళానికి డబ్బు పెట్టడం ఎందుకు? అసలైన కాపీ కొనుక్కోవడమే దీనికి మందు; వెంటనే వీలుకాకపోతే, ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటరును డబ్బు చెల్లింపులకూ వేలిముద్రల యంత్రానికీ వాడకుండా, ఆ పనులకు మరొక కంప్యూటరును కేటాయించడం కనీస జాగ్రత్త.

దుకాణదారులు యాంటీవైరస్ కంటే ముందు కొనవలసినది బయటి హార్డ్‌డిస్కు. వారానికి ఒకసారి ముఖ్యమైన ఫైళ్లు అందులోకి ఎక్కించి, వైరు తీసి బీరువాలో పెట్టాలి. వైరు తీయడం ముఖ్యం, ఎందుకంటే రాన్సమ్‌వేర్ వస్తే కంప్యూటరుకు తగిలించి ఉన్న డిస్కును కూడా అదే ఊపులో తాళం వేసేస్తుంది. బయటి యాంటీవైరస్ వేయక డిఫెండర్‌తోనే నడుపుకుంటున్నవారికి విండోస్‌లోనే "కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్" అనే కాపలా ఉంది. తెలియని ప్రోగ్రాంలు మన డాక్యుమెంట్లను మార్చకుండా అది అడ్డుకుంటుంది, కానీ మొదట్లో ఆపివేసి ఉంటుంది, మనమే పెట్టుకోవాలి. పెట్టాక పాత డీటీపీ సాఫ్ట్‌వేర్ ఫైళ్లను సేవ్ చేయనివ్వకపోతే, ఆ ప్రోగ్రాంను అనుమతి జాబితాలో చేర్చుకుంటే సరిపోతుంది.

ఫోను

ఫోనుకు యాంటీవైరస్ యాప్ అవసరం లేదని నేను చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు, ఎందుకంటే డబ్బు పోయిన కథలన్నీ ఇప్పుడు ఫోను కథలే. కారణం ఆండ్రాయిడ్ కట్టడిలో ఉంది. అందులో ప్రతి యాప్‌కూ వేరు గది. ఒక యాప్ మరొక దాని గదిలోకి తొంగిచూడలేదు. యాంటీవైరస్ యాప్ కూడా అలాంటి ఒక గదిలోనే కూర్చుని ఉంటుంది. ఏయే యాప్‌లు ఉన్నాయో అది చూడగలదు గానీ, కంప్యూటరులో లాగా అన్నిటినీ గాలించలేదు. ఆ పని చేసే గూగుల్ ప్లే ప్రొటెక్ట్ 2017 నుంచి ఫోనులోనే ఉంది. ప్లే స్టోర్ బయటినుంచి వేసిన యాప్‌లను కూడా అది తనిఖీ చేస్తుంది. ఏవీ-కంపారెటివ్స్ 2019లో ప్లే స్టోర్‌లోని 250 యాంటీవైరస్ యాప్‌లను 2,000 హానికర యాప్‌లతో పరీక్షిస్తే, వాటిలో కనీసం 30 శాతాన్ని పట్టి, మంచి యాప్‌లను తప్పుపట్టకుండా ఉన్నవి 80 మాత్రమే. కొన్నయితే తమ జాబితాలో లేని ప్రతిదాన్నీ హానికరమని చెప్పాయి. ఇక ఫోను వేగం పెంచుతామని, చెత్త ఊడుస్తామని వచ్చే యాప్‌లు ప్రకటనలు చూపడానికి తప్ప ఎందుకూ పనికిరావు.

గుణుపురంలో మా పెదనాన్న గారి అబ్బాయికి వాట్సాప్‌లో తెలిసినవారి నంబరు నుంచే పెళ్లి పిలుపు వచ్చింది. అది బొమ్మ కాదు, ఫోనులోకి యాప్‌ను ఎక్కించే ఏపీకే ఫైలు. నొక్కాడు, అడిగిన ప్రతిదానికీ సరే అన్నాడు, మర్నాటికి ఖాతాలో డబ్బు లేదు. అతని ఫోనులో ఉచిత యాంటీవైరస్ ఉంది. అది హెచ్చరించిందో లేదో అతనికి గుర్తు లేదు, ఎందుకంటే ఆ యాప్ రోజుకు నాలుగుసార్లు ఏదో ఒక హెచ్చరిక చేస్తూనే ఉండేది. ఎప్పుడూ అరిచే కుక్క అరుపును ఇంటివారు వినడం మానేస్తారు కదా, అలాగే అయింది.

పెళ్లి పిలుపు, పీఎం కిసాన్, బండి చలానా, సుభద్ర పథకం సొమ్ము, ఏ పేరుతో వచ్చినా చివర ఏపీకే అని ఉంటే అది పిలుపూ కాదు, పథకమూ కాదు, ఒక ప్రోగ్రాం. అది ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడిగి, బ్యాంకు పంపే ఓటీపీలను దొంగ చేతికి చేరవేస్తుంది. యాక్సెసిబిలిటీ అనుమతి కూడా ఇస్తే మన తెరను చదవగలదు, మన బదులు నొక్కగలదు. తెలిసినవారి నుంచి వచ్చిందంటే వారి ఫోను కూడా అప్పటికే పట్టుబడిందని అర్థం. అందుకని ఫోనుకు నేను చెప్పే ఎంపిక డబ్బు ఖర్చులేనిది. సెట్టింగ్స్‌లో "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్" అని వెతికి, వాట్సాప్, క్రోమ్, ఫైల్ మేనేజర్ మూడింటికీ ఆ అనుమతి తీసేయండి. ప్లే స్టోర్‌లో ప్లే ప్రొటెక్ట్ నడుస్తోందో లేదో చూడండి. ఆ తర్వాత ఫోను భాషను మార్చండి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో ఒడియా చదువుకున్న మనవారికి హెచ్చరిక ఇంగ్లీషులో వస్తే, అది చదవకుండానే "ఓకే" నొక్కుతారు. ఆండ్రాయిడ్‌లో తెలుగూ ఒడియా రెండూ ఉన్నాయి. అమ్మానాన్నల ఫోనును వారు ధారాళంగా చదవగలిగే భాషలోకి మార్చడం, నా ఉద్దేశంలో, ఏ యాంటీవైరస్ యాప్ కంటే ఎక్కువ కాపాడుతుంది.

ఒక యాప్ ఉండాలనే అనుకుంటే, కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన సీడాక్ హైదరాబాదు కేంద్రం తయారుచేసిన ఎం-కవచ్ 2 ఉచితం. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర వెబ్‌సైటులో దాని వివరాలతో పాటు కంప్యూటరును శుభ్రం చేసే ఉచిత పరికరాలు కూడా దొరుకుతాయి. కొత్త ఫోను కొనేవారు యాంటీవైరస్‌కు పెట్టే డబ్బును పక్కన ఉంచి, ఎక్కువ ఏళ్లు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని కంపెనీ మాటిచ్చిన ఫోనుకు ఆ డబ్బు కలపండి.

ఐఫోన్‌కు యాంటీవైరస్ కొనడం వృథా. మిగతా యాప్‌లను తనిఖీ చేసే వీలే అక్కడ ఏ యాప్‌కూ లేదు. మాక్ కంప్యూటర్లలో ఎక్స్‌ప్రొటెక్ట్, గేట్‌కీపర్ అనే కాపలాలు ముందే ఉన్నాయి, దొంగ సాఫ్ట్‌వేర్ వేయనంతవరకు ఇంటి వాడకానికి అవి చాలు.

ఇప్పటికే ఏపీకే నొక్కినవారు ముందు ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆగిందో లేదో చూసుకుని, మరొకరి ఫోను నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతాను ఆపించి, 1930కి ఫోను చేయండి. డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ. ఖాతాదారు పొరపాటుతో డబ్బు పోయినా, బ్యాంకుకు తెలియజేసిన క్షణం తర్వాత జరిగే నష్టం బ్యాంకుదేనని రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఆదేశించింది కనుక, చెప్పిన సమయాన్నీ ఫిర్యాదు నంబరునూ రాసిపెట్టుకోండి. ఫోనును పూర్తిగా చెరిపి కొత్తగా పెట్టుకోవడం చివరికి తప్పనిసరే, కానీ ఆ తొందరలో ఆధారాలు చెరిగిపోతాయి. వాట్సాప్ సందేశాన్ని, పంపిన నంబరును, బ్యాంకు ఎస్సెమ్మెస్‌లను మరొక ఫోనుతో ఫొటో తీసి, ఫిర్యాదుకు వాటిని జోడించాకే రీసెట్ చేయండి.